ఎడమ పక్క సీటు

"కంది కాదే తల్లీ, కంటి! కంటి! ఇగో, గీ కన్ను!" అంటూ పోచయ్య మైకు పట్టుకున్న చేత్తో తన కన్నే పొడుచుకున్నంత పని చేశాడు.

పికప్‌కు అడ్డంగా నిలబడ్డ తారికి ఆ మాట కూడా బండి మీది గొట్టంలోంచే వినబడింది. గొట్టం దాన్ని తన అలవాటు ప్రకారం నమిలి, మెత్తగా చేసి, బయటికి ఉమ్మింది. తారి భుజం మీది గోనెసంచి దించి, ఒకసారి దులిపి, మూతి తెరిచి పట్టుకుంది.

"గదే అంటున్న గదా అన్నా. కంది. మనిషికి అడ్డెడు అంటివి. ఏడ పోస్తున్నరు?"

ఆమె వెనక తండా మొత్తం దిగింది. ఒకరి చేతిలో యూరియా బస్తా, ఇంకొకరి చేతిలో దిండు గలేబు. ఏ సంచీ దొరకని ముసలాయన ఒకడు తలపాగా విప్పి ఒడిలా పట్టుకుని వచ్చాడు. నిన్న సాయంత్రం ఇదే మలుపులో పోచయ్య గొంతు చించుకుని చెప్పింది ఒకటే: ఎల్లారెడ్డిలో రేపూ ఎల్లుండీ శిబిరం, కంటి అద్దాలు ఉచితం. లింగంపేట దాటి ఈ తండా చేరేసరికి ఆ కంటి అద్దాలు కంది అడ్డెడు అయి కూచున్నాయి. అడ్డెడు కందులంటే ఇంటిల్లిపాదికీ బోలెడు రోజుల పప్పు. ఎవరు మాత్రం కళ్లు మూసుకుని ఇంట్లో కూచుంటారు?

డ్రైవరు ప్రేమ్‌సింగ్ స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. అతనిదీ పక్క తండాయే. కిటికీలోంచి మెడ బయటికి చాచి తమ బాసలో రెండు ముక్కలు చెప్పాడు. తారి సంచి మూతి ముడిచేసింది.

"కండ్లు నాకు మంచిగనే ఉన్నయ్ గని అన్నా, పప్పే కండ్ల పడ్తలేదు," అంది పోచయ్యతో. "గా గొట్టానికి ఏమన్న మందు పోపియ్యి."

అప్పుడే పోచయ్య జేబులో ఫోను మోగింది. బండి యజమాని ఎంకయ్య. కామారెడ్డిలో టెంట్లు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే దుకాణం ఆయనది. ఊళ్ల వెంట చాటింపు తిరగడం దానికి తోక వ్యాపారం. తోకే అయినా కుక్కకన్నా ఎక్కువ చప్పుడు చేసేది అదే.

"ఏం చాటినవ్‌రా పోచయ్యా? క్యాంపు కాడ జనం సంచులు పట్టుకొని లైను కట్టిండ్రంట! కన్ను తెరువుమంటె సంచి తెరుస్తుండ్రంట! డాక్టర్ సాబు ఫోన్ల నన్ను ఉతికి ఆరేసిండు."

"నేను కంటి అనే అన్న సేటూ. గొట్టం 'ట' మింగుతున్నది."

"ట మింగుతదో టీ తాగుతదో నాకెర్కలేదు. ఊరూరు సక్కగ చెప్పుకుంట ఎల్లారెడ్డి పోండ్రి. మా పోరడు సిద్దు ఆడ అబ్రాహాము దుకాణంకు వస్తుండు. కొత్త సౌండ్ సిస్టం పెట్టిస్తున్నం. బండిల దానికి జాగ చూసి పెట్టు."

ఫోను పెట్టేశాక పోచయ్య చెవిలో మిగిలింది సిస్టం కాదు, జాగ.

జాగ! ఆ బండిలో! దాని ముక్కు జీపుది. వెనక తొట్టి ట్రాక్టరు ట్రాలీకి చిన్న చెల్లెలు. మధ్యలో ఇద్దరు పట్టే రేకు డబ్బా ఒకటి, దాన్నే మర్యాదకు క్యాబిన్ అంటారు. ప్రేమ్‌సింగ్ పుట్టకముందే రోడ్డెక్కిన బండి అది. ఎంకయ్య వేలంపాటలో కొని ఆకుపచ్చ రంగు వేయించాడు. ఆ రంగు కూడా ఇప్పుడు చిలకల్లా ఎగిరిపోయి, అక్కడక్కడ ఈకలు మిగిలాయి. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు, చెయ్యి బయటపెట్టి తియ్యాలి. కాళ్ల కింద రేకు చిల్లిలోంచి రోడ్డు వెనక్కి పరుగెత్తడం కనబడుతుంది. గేరు మార్చినప్పుడల్లా రాడ్డు పోచయ్య కుడి మోకాలి మీదికి వస్తుంది. ఇన్నేళ్లలో ఆ మోకాలు ప్రేమ్‌సింగ్ క్లచ్చు తొక్కేసరికే పక్కకు జరగడం నేర్చుకుంది. "పికప్ ఎక్కితే పిక్కలకు ముప్పు" అని నవ్వించేవాడే గానీ పోచయ్య ఆ ముప్పును ఎవరికీ వదిలిపెట్టినవాడు కాదు. కుడి సీటు డ్రైవరుది, ఎడమ సీటు పోచయ్యది. మూడో సీటు లేదు.

బండి కదిలింది. పోచయ్య కాలు అప్పుడే ఆడటం మొదలుపెట్టింది.

మనిషి సన్నం. కాళ్లూ చేతులూ ఎవరో తర్వాత గుర్తొచ్చి అతికించినట్టుంటాయి. మెడ మాత్రం మనిషికి మించింది. మాట్లాడేటప్పుడు దాని మీద నరాలు తాళ్లలా లేస్తాయి. చొక్కా జేబులో ఎప్పుడూ మిరియాలు, పటికబెల్లం. కిటికీ మీద ఆనించి ఆనించి ఎడమ మోచెయ్యి కుడి మోచేతి కన్నా రెండింతలు నల్లబడింది. దోమకొండలో వానాకాలం తర్వాత డేరా టాకీసు వచ్చిన రోజుల్లో ఎడ్లబండి ముందు నడుస్తూ సినిమా పేరు అరవడంతో అతని కొలువు మొదలైంది. ఎడ్లబండి పోయి రిక్షా వచ్చింది, రిక్షా పోయి ఈ పికప్ వచ్చింది. ఎరువుల దుకాణాలు, చీరల తగ్గింపులు, తప్పిపోయిన పిల్లలు, పోలియో చుక్కలు, అన్నీ ఆ గొంతులోంచే ఊళ్లోకి నడిచాయి. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాని ఎదుటి పార్టీకి జై కొట్టేవాడు. పార్టీ మారాడని అతన్ని ఒక్కరూ అనలేదు, ఎందుకంటే అన్ని పార్టీలూ అతని నోట్లోనే కాపురం ఉన్నాయి. నిరుటి సమ్మె రోజుల్లో బస్సులు లేక, బళ్లు లేక రోడ్డంతా బోసిపోయినప్పుడు ఈ బండి ఒక్కటే తిరిగింది. అప్పుడు మూడు వారాలపాటు గొంతు పోయింది. ఇంట్లో కూచోమంటే కూచోలేదు. బండిలో కూచుని ప్రేమ్‌సింగ్ అరుస్తుంటే పక్కన చేతులు ఊపాడు.

"ప్రేమ్, సిస్టం అంటె ఏమేం వస్తది?"

"రెండు పెద్ద డబ్బాలు తొట్టిల పెడ్తరు కాకా. పెన్ డ్రైవ్ పెట్టేటి ప్లేయర్ ఒకటి."

"రాయని పెన్ను, నడపని డ్రైవు. ఇంక?"

"యాంప్లిఫైరు."

"ఏ పైరది? వానకాలందా, యాసంగిదా?"

ప్రేమ్‌సింగ్ నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే చోట నవ్వకపోయేసరికి పోచయ్య రెండో కాలు కూడా ఆడటం మొదలైంది.

"దాని కింద వేరే బ్యాటరీ. రెండు కలిపి ఒక ఇనుప పెట్టెల పెడ్తరంట. పొద్దంత మన చాటింపు, పొద్దుమూకినంక పెండ్లి బరాతులకు డీజే. సిద్దు ఎప్పటిసందో అంటుండు."

"పెట్టె ఏడ పెడ్తరు?"

ప్రేమ్‌సింగ్ చూపు ఎడమవైపు ఒకసారి పోయి, పొయ్యి ముట్టినట్టు వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ పోచయ్య రెండు పనులు చేశాడు. ఒకటి, గొట్టం చేసిన పాపాన్ని గొట్టంతోనే కడగడం. "కందులు కావు, కండ్లు! సంచులు ఇంట్ల పెట్టుండ్రి, చూపు ఎంబడి తెచ్చుకోండ్రి! పప్పుకు కాదు, మీ చూపుకు!" అని అరిచాడు. జనం నవ్వారు గానీ, గొట్టం ఈసారి ఏ అక్షరాన్ని మింగిందో ఏమో, ఒక ఊళ్లో ఇద్దరు పరుగున వెళ్లి ఇంకా పెద్ద సంచులు తెచ్చారు. రెండోది, బండి ఆగగానే దిగి జానలు కొలవడం. క్యాబిన్ పైరేకు మీద కొలిచాడు. సీటు వెనక గోడకు, వీపుకు మధ్య కొలిచాడు. బానెట్ ఎత్తి ఇంజను పక్కన చెయ్యి పెట్టి, కాలి, చప్పున తీశాడు. తొట్టిలో ఎక్కి మూల మూలా తిరిగాడు. పెట్టె ఎంత ఉంటుందో తెలియదు. కానీ ఎక్కడ కొలిచినా అది పట్టేటంత జాగ ఉందనే అతని జాన చెప్పింది. ఒక్క ఎడమ సీటు దగ్గర మాత్రం అతను కొలవలేదు.

ఎల్లారెడ్డిలో అబ్రాహాము దుకాణం బస్టాండుకు కూతవేటు దూరం. ముందు రేకుల పంచ, లోపల తీగల అడవి. అబ్రాహాము చాలా ఏళ్లు మస్కట్‌లో కార్లకు పాటలు పెట్టి వచ్చినవాడు. తక్కువ మాట్లాడతాడు. చెవి మీద పెన్సిల్ ఉంటుంది గానీ గీసేది మాత్రం సుద్దముక్కతో, గచ్చు నేల మీద. వాళ్లు చేరేసరికే నేల మీద పికప్ బొమ్మ గీసి ఉంది. పైనుంచి చూసినట్టు ముక్కు, క్యాబిన్, తొట్టి. పక్కనే మోటారుసైకిలు ఆపుకుని ఎంకయ్య కొడుకు సిద్దార్థ వంగి చూస్తున్నాడు.

"రా కాకా, రా. నువ్వు లేకుండ ప్లాన్ ఎట్ల?" అన్నాడు. ఆ పిలుపులో వెటకారం లేదు. అందుకే పోచయ్యకు భయమేసింది.

అబ్రాహాము బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తి, "గీ డైనమో రెండు లైట్లకే ఎగపోస్తది. తీసి ఆల్టర్నేటర్ ఏయాలె," అన్నాడు. బొమ్మలో తొట్టి ఉన్నచోట రెండు గీతలు గీసి డబ్బాల జాగ చూపించాడు. ఒక్కో డబ్బాలో ఒక్కో ఊఫర్ అన్నాడు.

"ఊఫరా, ఊపిరా?" అన్నాడు పోచయ్య. "గది పెడ్తె నాది పోయేటట్టున్నది."

సిద్దార్థ పగలబడి నవ్వి అతని వీపు తట్టాడు. "గిట్లాంటియే కాకా, గిట్లాంటియే రికార్డు చేస్తం మనం!"

"పెట్టె పైన పెట్టొచ్చు గదనే అబ్రాహామన్నా. టాపు మీద."

"ఎండకు యాంప్లిఫైరు పేలుతది. రేకు గూడ మోయది."

"తొట్టిల?"

"వాన. ఇంకొకటి, వైరు పొడుగైతె కరెంటు దారిలనే సగం సచ్చిపోతది. బ్యాటరీ కాడ ఉండాలె."

"బ్యాటరీ బానెట్ కింద ఉన్నది. గాడనే పెట్టు."

"ఇంజన్ల కోడిగుడ్డు ఉడుకుతది కాకా, యాంప్లిఫైరు ఉడుకదా?"

"మా వెనక? గోడకు నడుమ జానెడున్నది. నేను కొలిచిన."

అబ్రాహాము టేపు తీసి గోడకూ సీటుకూ మధ్య పెట్టి చూశాడు. అది జానెడు కాదు, బెత్తెడు. పోచయ్య తన జానను తిప్పి తిప్పి చూసుకున్నాడు, అదేదో వేరేవాళ్లు అప్పిచ్చిన చెయ్యి అయినట్టు.

"ఎండ తగలద్దు, వాన తగలద్దు, డ్రైవర్ చేతికి అందాలె," అంటూ అబ్రాహాము గచ్చు మీద కూచుని, బొమ్మలో ఎడమ సీటు ఉన్నచోట ఒక చతురస్రం గీశాడు. అందులో అడ్డంగా ఇంకో రెండు గీతలు. "ఇగో జాగ."

"గది జాగ కాదన్నా," అన్నాడు పోచయ్య. "గది నేను."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అతను చెప్పలేదు.

సిద్దార్థ పక్కన వచ్చి కూచున్నాడు. "కాకా, నీ గొంతు ఏడికి పోతది చెప్పు? నీదే రికార్డు చేస్తం. నెలకోపాలి వచ్చి మంచిగ చెప్పి పో. గది ఎన్నిసార్లంటె అన్నిసార్లు మొత్తుకుంటది. నీకు దుమ్ము లేదు, దగ్గు లేదు. కాళ్లు చాపుకొని ఇంట్ల కూసో."

"ఇన్నేండ్లు సేటుకు నోరు కావాల్సుండె. ఇప్పుడు సీటు కావాల్సొచ్చింది." పోచయ్య లేచి నిలబడ్డాడు, మళ్లీ కూచున్నాడు, మళ్లీ లేచాడు. "డబ్బాల బేస్ పెంచుతె క్యాబిన్ల నేను బేసి అయిపోయిన. ప్రేమ్ ఒక్కడే సరి."

"గట్లనకు కాకా," అన్నాడు ప్రేమ్‌సింగ్ నేల చూస్తూ.

పెట్టెకు చట్రం చేయించడానికి అబ్రాహాము వెల్డింగు దుకాణానికి పోవాలి. అతను వచ్చేలోపు ఎల్లారెడ్డి గల్లీల్లో ఒక చుట్టు తిరిగి కంటిమాట సరిగ్గా చెప్పి రమ్మన్నాడు సిద్దార్థ. పోచయ్య ఎడమ తలుపు దగ్గరికి పోయి, ఎందుకో ఈసారి మెల్లగా ఎక్కాడు. బండి కదిలింది. మైకు నోటికి పెట్టుకున్నాక గొంతు ఎప్పటిలాగే లేచింది. ఏడుపొచ్చినా మైకు ముందు ఆ గొంతు పండగ చేసుకుంటుంది, అది దాని జబ్బు. బస్టాండు, కూరగాయల అంగడి, బట్టల బజారు దాటారు. ఆ వెనక సన్న గల్లీలోకి ముక్కు తిప్పగానే దూరంగా ఒక ఇంటి ముందు పిడకల పొగ లేస్తోంది. గోడకు పచ్చి వెదురు బొంగులు రెండు ఆనించి ఉన్నాయి. ఆడవాళ్లు అరుగు మీద గుంపుగా కూచున్నారు.

పోచయ్య వేలు తనంతట తనే మైకు మీట నొక్కేసింది. సగం మాట గొంతులోనే ఉండిపోయింది. భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రేమ్‌సింగ్ కాలు అప్పటికే యాక్సిలరేటరు మీంచి లేచి ఉంది. హారను లేదు, గేరు మార్పు లేదు. ఆ ముసలి బండి తన గలగలలన్నీ కడుపులో దాచుకున్నట్టు ఒక్క ఇంజను గుసగుసతో ఆ ఇంటి ముందు నుంచి దాటింది. అరుగు కింద నిలబడ్డ నడివయసు మనిషి, చనిపోయినవారి కొడుకే కావచ్చు, తడి బట్టల మీదే రెండు చేతులూ ఎత్తి బండికి దండం పెట్టాడు.

గల్లీ మలుపు తిరిగాక కూడా పోచయ్య మైకు తెరవలేదు. ప్రేమ్‌సింగ్ భుజం పట్టుకుని ఊపేశాడు.

"చూసినవా? చూసినవారా ప్రేమ్? గా పెట్టెకు ఇది తెలుస్తదా? తిప్పు, బండి తిప్పు!"

పందెంలో గెలిచిన ఎద్దును తోలుకొచ్చినట్టు తిరిగొచ్చాడు. అబ్రాహాము అప్పుడే చట్రం దించుకుంటున్నాడు. పోచయ్య బండి ఆగకముందే చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకుని దూకాడు. పంచలో ఫోన్లు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు తలలెత్తారు.

"సిద్దూ, ఒక్కటి ఇను. గా వెనక గల్లీల ఒక ఇంట్ల సావు అయ్యింది. నేను మైకు బంద్ చేసిన. ఇల్లు దాటేదాక నోరిప్పలే. గా ఇంటాయన తడి బట్టల మీద మన బండికి దండం పెట్టిండు. నీ పెట్టెకు గది కండ్ల పడ్తదా? పీనుగ ముంగట నిలవడి బరాతు పాట పాడ్తది. నోరున్నోన్ని పెట్టుకున్నది మాట్లాడెతందుకే కాదు బిడ్డా. ఏడ మూసుకోవాలెనో చూసెతందుకు గూడ. పెన్నుల మాట ఎక్కిస్తవ్ సరే. మూసుకునుడు ఎట్ల ఎక్కిస్తవ్?"

ఒక్క చమత్కారం లేకుండా పోచయ్య ఇంతసేపు మాట్లాడటం ప్రేమ్‌సింగ్ ఎప్పుడూ వినలేదు. పంచలో ఒకతను "నిజం" అన్నాడు. పోచయ్య ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. జేబులోని మిరియాలు గలగలమంటున్నాయి.

సిద్దార్థ కళ్లు తడిసినట్టే ఉన్నాయి.

"కరెక్టే కాకా. నేను గది సోంచాయించలే. మా తాత పోయిన్నాడు ఎవల్దో ట్రాక్టర్ పాటలు పెట్టుకుంట మా ఇంటి ముంగటికెల్లే పోయింది. బాపు ఇప్పటికి యాది చేస్కొని తిడ్తడు." అబ్రాహాము వైపు తిరిగాడు. "అన్నా, స్టీరింగ్ కాడ ఒక స్విచ్ పెట్టొచ్చా? ఒత్తితె మొత్తం బంద్ కావాలె. సావు ఇల్లు కనవడంగనే ప్రేమన్న ఒత్తుతడు."

"ఎందుకు రాదు," అన్నాడు అబ్రాహాము. బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి, గెలికి, బొటనవేలంత నల్ల స్విచ్ ఒకటి తీశాడు. టిక్కుమని ఒకసారి నొక్కి చూశాడు.

పోచయ్యకు ఆ గల్లీలో దొరికిన ఒకే ఒక్క ఆసరా ఆ టిక్కులో దూరిపోయింది. ఈ పిల్లాడు తన మాట కొట్టెయ్యలేదు. పూర్తిగా విన్నాడు, ఒప్పుకున్నాడు, పని పూర్తి చేశాడు. ఇక దేనితో పోట్లాడటం? ప్రేమ్‌సింగ్‌కు చావు ఇల్లు గుర్తుపట్టడం రాదని అంటే అబద్ధం. ఇందాక తనకన్నా ముందే వాడి కాలు లేచింది.

అబ్రాహాము స్విచ్‌ను స్టీరింగుకు ఎడమ పక్కన పెట్టి చూస్తున్నాడు.

"కుడి దిక్కు పెట్టు," అన్నాడు పోచయ్య. "ఎడమ చెయ్యి గేరు మీద ఉంటది వానిది."

అబ్రాహాము తల ఊపి కుడివైపు పెట్టాడు. తర్వాత పానా తీసుకుని ఎడమ సీటు కిందికి దూరాడు. బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. నూనె పోసి, సుత్తితో తట్టి, పళ్లు బిగబట్టి తిప్పాల్సి వచ్చింది. ఒక్కో బోల్టూ కుయ్యిమని లేచినప్పుడల్లా పోచయ్య పక్కనున్న గోడ మీద వేళ్లతో తాళం వేశాడు. సీటు బయటికి వచ్చింది. దాని చోట ఇనుప పెట్టె అచ్చం కొలిచి కుట్టిన చొక్కాలా కూచుంది. పైనున్న గొట్టం కూడా దించి నేల మీద బోర్లించారు.

అప్పుడే శిబిరం నుంచి ఒకతను రొప్పుతూ వచ్చాడు. సంచులవాళ్లు గేటు దగ్గరినుంచి కదలడం లేదట, పప్పు దాచారని లొల్లి పెడుతున్నారట, చాటింపు చేసిన మనిషినే రమ్మంటున్నారట. గొట్టం లేదు, మైకు లేదు. పోచయ్య నడిచే వెళ్లాడు. వెంట సిద్దార్థ, ప్రేమ్‌సింగ్, పంచలో కూచున్నవాళ్లు కూడా నడిచారు.

గేటు ముందు మెట్టు ఎక్కాడు. మామూలు గొంతుతో, ఇంటి ముందు ఎదురుపడ్డవాళ్లతో మాట్లాడినట్టు చెప్పాడు.

"గా చాటింపు చేసింది నేనే. నా పేరు పోచయ్య. నేనన్నది కంటి. ట, టమాట ట. కంటి అద్దాలు, ముక్కు మీద పెట్టుకునేటియి. నా బండి గొట్టం లోపలి పొర పలిగింది, ట పోయి ద అయ్యింది, అద్దాలు పోయి అడ్డెడు అయ్యింది. మీ చెవులల్ల ఏం తప్పు లేదు. డాక్టర్ సాబు దాసింది లేదు. పప్పు లేదు. ఎన్నడు లేకుండె."

ప్రతి అక్షరమూ చివరి వరుసదాకా చేరింది. ఒక క్షణం అందరూ ఒకరి సంచి ఒకరు చూసుకున్నారు. ముందు ఒక ముసలమ్మ కిసుక్కుమంది, తర్వాత మొత్తం గేటు నవ్వింది. డాక్టరూ నవ్వాడు. "గిదే గొంతుతోని ఊళ్ల చెప్తె అయిపోతుండె గదా పోచన్నా," అన్నాడు ఎవరో. పోచయ్యా నవ్వాడు, అందరికన్నా కొంచెం ఆలస్యంగా. వచ్చినందుకు కళ్లు చూపించుకునే పోదామని సగం మంది సంచులు మడిచి చంకలో పెట్టుకుని వరుసలో నిలబడ్డారు.

తిరిగొచ్చాక ప్రేమ్‌సింగ్ బండి చుట్టూ తచ్చాడాడు. "తొట్టిల కూసో కాకా. డబ్బాల నడుమ నీకు మస్తు జాగ ఉంది."

"డబ్బాల నడుమ కూసుంటె నేను సామాను అయిత ప్రేమ్. బస్సుల కూసుంటె ప్యాసింజర్ అయిత," అన్నాడు పోచయ్య. "నువ్వు పో. పొద్దుమూకుతుంది."

బస్టాండు వైపు నడుస్తూ ఇంటికి ఫోను చేశాడు. ఇంట్లో అతను మాట్లాడడు. రోజూ సాయంత్రానికి గొంతు అరిగిపోయి ఉంటుంది. రెండు వేళ్లు చూపితే చాయ్, అరచెయ్యి బోర్లిస్తే చాలు, కళ్లు మూస్తే లైటు ఆర్పు. వాళ్ల కాపురం మొత్తం అట్లా చేతుల మీదుగానే నడిచింది.

"భూమక్కా, బస్సుకు వస్తున్న. జర లేటయితది. తిని పండు."

అవతల భార్య గొంతు ఒక్కసారిగా వణికింది. "ఏమైందయ్యా? ఎవలకేమన్న అయ్యిందా? నోటితోని మాట్లాడుతున్నవ్?"

"ఏం కాలే," అన్నాడు పోచయ్య. "గొంతు మిగిలింది."

కామారెడ్డి బస్సు వచ్చింది. ఎక్కాడు. అది కదిలి మలుపు తిరిగిన కాసేపటికి, కొత్త డబ్బాలు మోసుకుని పికప్ కూడా అదే రోడ్డు పట్టింది.

అబ్రాహాము సామాన్లు లోపల పెట్టి, నేల మీది సుద్దగీతలు నీళ్లు చల్లి కడిగి, తలుపు దించి వెళ్లిపోయాడు. రేకుల పంచ కింద సీటు గోడకు ఆనించి ఉంది. రెక్సిన్ ఒక పక్కన చిరిగి లోపలి పసుపు స్పాంజి బయటికి చూస్తోంది. నడుమ, ఒక సన్నటి మనిషి ఏళ్ల తరబడి ఒకే తీరుగా కూచున్న మేరకు, లోతుగా గుంట పడింది. ఎవరిదో కోడిపెట్ట అటూ ఇటూ తిరిగి చూసి, ఎగిరి దాని మీదికెక్కి, రెండుసార్లు తన చుట్టూ తాను తిరిగి, సరిగ్గా ఆ గుంటలోనే ముడుచుకుని కూచుంది.